లాంగ్ రన్‌లో కడుపు పాడవకుండా: సప్లిమెంట్లలో ఏవి మానాలి, ఏవి వాడాలి, ఏ వరసలో

చెన్నైలో హాఫ్ మారథాన్‌కో ఫుల్ మారథాన్‌కో ట్రైన్ అవుతున్న మన తెలుగువాళ్ళు, వేళచ్చేరి బ్యాచ్ అయినా షోలింగనల్లూరు బ్యాచ్ అయినా, అడిగేది ఒకటే. "అన్నా, 15 కిలోమీటర్లు దాటగానే కడుపులో తిప్పేస్తోంది, ఏ ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా క్యాప్సూల్) కొనమంటావ్?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: ఇప్పుడు ఏమేం వేసుకుంటున్నావో మొత్తం చెప్పు. అప్పుడు బయటికొస్తుంది లిస్టు. వే ప్రొటీన్ (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి), ప్రీవర్కౌట్ (వర్కౌట్ ముందు తాగే కెఫీన్ పౌడర్), మెగ్నీషియం, విటమిన్ సి, రెండు జెల్స్ (రన్‌లో ఎనర్జీకి తినే చిక్కటి చక్కెర ప్యాకెట్లు), పైగా మోకాలు నొప్పి వస్తుందేమో అని ముందుజాగ్రత్తగా ఒక పెయిన్ కిల్లర్. చాలామంది విషయంలో సగం జవాబు ఆ లిస్టులోనే ఉంటుంది, కొత్త డబ్బా కొనక్కర్లేదు.

అందుకే ఈ గైడ్‌లో కొనే స్టెప్ చివర్లో ఉంటుంది. ముందు తీసెయ్యాల్సినవి, తర్వాత కడుపుకి ట్రైనింగ్, ఆ తర్వాతే సప్లిమెంట్. ఈ వరస మారిస్తే డబ్బులు పోతాయి, కడుపు మాత్రం అలానే ఉంటుంది.

స్టెప్ 1: లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

గట్టిగా పరిగెడుతున్నప్పుడు రక్తం కాళ్ళ కండరాలకీ, ఒంటిని చల్లబరచడానికి చర్మానికీ వెళ్తుంది, దాంతో పేగులకి వెళ్ళే వాటా పడిపోతుంది. బాగా తీవ్రంగా చేస్తే మామూలుగా అందే దాంట్లో 20 శాతమే అందే పరిస్థితి కూడా వస్తుంది. ఆక్సిజన్ తగ్గేసరికి పేగు లోపలి పొర కణాలు దెబ్బతింటాయి, కణానికీ కణానికీ మధ్య ఉండే బిగింపు వదులవుతుంది, పేగులో ఉండాల్సిన బ్యాక్టీరియా విషపదార్థాలు కొంచెం కొంచెం రక్తంలోకి జారతాయి. వికారం, ఉబ్బరం, నొప్పి, అర్జెంటుగా బాత్రూమ్‌కి పరిగెత్తాల్సి రావడం, వీటిలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

సుమారుగా రెండు గంటలు, మీ గరిష్ఠ సామర్థ్యంలో 60 శాతం మించి చేస్తే ఫిట్‌గా ఉన్నవాళ్ళకి కూడా ఈ డ్యామేజ్ కనిపిస్తుందని రీసెర్చ్ చెప్తోంది. దానికి ఎండ తోడైతే ఇంకా తొందరగా వస్తుంది. చెన్నైలో అసలు చిక్కు ఉక్కపోత. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, దాంతో చర్మానికి ఇంకా ఎక్కువ రక్తం కావాలి, అదంతా పేగుల వాటాలోంచే పోతుంది. బెంగళూరులో కబ్బన్ పార్క్‌లో హాయిగా 20 కొట్టి వచ్చిన ఫ్రెండు ఇక్కడ బీసెంట్ నగర్ బీచ్ రోడ్డు మీద 12కే కడుపు పట్టుకుని కూర్చున్నాడంటే ఫిట్‌నెస్ తగ్గిందని కాదు, వాతావరణం అలాంటిది. వేడికి ఒళ్ళు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది.

సైక్లింగ్ కంటే రన్నింగ్‌లో బాధ ఎక్కువ, ఎందుకంటే ప్రతి అడుగుకీ పేగులు కుదుపుకి గురవుతాయి. ఇంత పెద్ద అథ్లెట్లకి కూడా తప్పదా అంటే తప్పదు. 2005 లండన్ మారథాన్‌లో పౌలా రాడ్‌క్లిఫ్ కడుపునొప్పితో రోడ్డు పక్కన ఆగాల్సి వచ్చింది, టీవీ కెమెరాలు చూస్తుండగానే. ఆగి కూడా 2:17:42లో ఆ రేసు గెలిచింది. కాబట్టి ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు, గ్రూప్‌లో చెప్పుకోండి.

స్టెప్ 2: రెండు వారాలు రాసుకోండి

ఫోన్ నోట్స్ చాలు. రన్‌కి ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏం తిన్నారు, ఏ మాత్ర ఏ టైమ్‌కి వేసుకున్నారు, రన్‌లో ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం మొదలైంది, 0 నుంచి 10లో ఎంత బాధ. పైకడుపు బాధ (వికారం, తేనుపులు, మంట) వేరు, కిందికడుపు బాధ (మెలిపెట్టడం, గ్యాస్, లూజ్ మోషన్) వేరు, రెండూ కలిపి "కడుపు బాలేదు" అని రాస్తే ఉపయోగం లేదు. పైకడుపు అయితే తాగినవి, జెల్స్, టైమింగ్ మీద అనుమానం పడాలి, కిందికడుపు అయితే ముందు రోజు భోజనం, పాలు, మాత్రల మీద.

ఇంకొకటి, రన్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. చెమట తుడుచుకుని, తడి బట్టలు తీసేసి. ఒక కిలో తగ్గితే ఒక లీటరు నీళ్ళు పోయినట్టు, మధ్యలో తాగింది దానికి కలపండి. మొదటిసారి ఆ నంబర్ చూస్తే ఆశ్చర్యపోతారు, చెన్నైలో గంటకి లీటరు దాటి చెమట పట్టడం మామూలే. ఒంట్లో నీళ్ళు బాగా తగ్గిపోతే పేగుల బాధ ఇంకా పెరుగుతుంది. అలాగని బరువు పెరిగేంత నీళ్ళు తాగడం కూడా డేంజరే, రక్తంలో సోడియం పలచబడి ఆస్పత్రి పాలయ్యే అవకాశం ఉంది.

స్టెప్ 3: తీసెయ్యండి (అసలు పని ఇక్కడే)

మొదట పెయిన్ కిల్లర్. రన్‌కి ముందు ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకునే అలవాటు ఉంటే ఈ రోజే ఆపండి. రక్తం అందక ఇబ్బంది పడుతున్న పేగుకి ఇవి రెండో దెబ్బ. 2012లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకి 400 మి.గ్రా. ఇబుప్రోఫెన్ రెండుసార్లు ఇచ్చి సైకిల్ తొక్కించారు, మందు లేకుండా తొక్కినప్పటికంటే పేగు కణాల డ్యామేజ్ ఎక్కువ కనిపించింది. ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు కిడ్నీలకి కూడా ఇవి మంచివి కావు. మోకాలు నొప్పితో మాత్ర వేసుకోకుండా పరిగెత్తలేకపోతున్నారంటే ఆ రోజు పరిగెత్తకూడదు, అంతే.

తర్వాత మెగ్నీషియం. క్రాంప్స్ కోసమని అందరూ వేసుకుంటారు, కానీ ఆక్సైడ్, సిట్రేట్ రూపాలు విరేచనాలకి వాడే మందులు కూడా, ఇది ఎవరూ చెప్పరు. శనివారం రాత్రి డబుల్ డోస్ వేసుకుని ఆదివారం పొద్దున కడుపు పోయిందని బాధపడితే ఎలా? కావాలంటే గ్లైసినేట్ రూపం, తక్కువ డోసులో, లాంగ్ రన్ లేని రోజుల్లో. విటమిన్ సి కూడా ఇంతే, రోజుకి 2000 మి.గ్రా. గరిష్ఠ పరిమితి, కొంతమందికి 1000 దగ్గరే మోషన్ లూజ్ అవుతుంది, పైగా పెద్ద డోసులు ట్రైనింగ్ వల్ల ఒంటికి రావాల్సిన మార్పుల్ని కొంత అడ్డుకుంటాయని కూడా అధ్యయనాలు ఉన్నాయి. జామకాయ తినండి.

ప్రీవర్కౌట్ పౌడర్లు చూద్దాం. కెఫీన్ పనిచేస్తుంది, అందులో డౌట్ లేదు, కిలో బరువుకి 3 మి.గ్రా. చాలు, అంటే 60 కిలోల మనిషికి 180. కొన్ని పౌడర్లలో ఒక్క స్కూప్‌లోనే 200 నుంచి 300 ఉంటుంది, దాని మీద పొద్దున్నే ఒక ఫిల్టర్ కాఫీ పడితే పేగులు మనకంటే ముందు పరిగెడతాయి. కాఫీ మానక్కర్లేదు, రన్‌కి గంట ముందు తాగేసి బాత్రూమ్ పని అయ్యాక బయల్దేరండి, చాలామందికి అదే బెస్ట్ ప్లాన్.

వే ప్రొటీన్ అయితే కాన్సన్‌ట్రేట్‌లో లాక్టోజ్ ఉంటుంది, పాలు పడనివాళ్ళకి ఉబ్బరం ఖాయం. ఇంకా శుద్ధి చేసిన ఐసోలేట్ రకంలో బాగా తక్కువ. ఏదైనా రన్‌కి ముందు వద్దు, తర్వాత తాగండి. ప్రొటీన్ బార్ కవర్ వెనక మాల్టిటాల్, సార్బిటాల్, ఇనులిన్, చికోరీ ఫైబర్ (పేగులో పులిసి గ్యాస్ చేసే తీపి పదార్థాలు, పీచు) అని కనిపిస్తే అది ఆఫీసులో కూర్చుని తినే బార్, రోడ్డు మీద తినేది కాదు. వంటసోడా, అంటే సోడియం బైకార్బొనేట్ ట్రిక్ ఎవరో యూట్యూబ్‌లో చెప్పారని కిలోకి 0.3 గ్రాములు లెక్కేసి తాగేవాళ్ళూ ఉన్నారు, అది కొన్ని నిమిషాల్లో ముగిసే గట్టి ఈవెంట్ల కోసం, మారథాన్‌కి ఎందుకండీ అది.

ఐరన్ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ముఖ్యంగా ఆడవాళ్ళు, డాక్టర్ ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్త పరీక్ష) చూసి ఇచ్చి ఉంటే. టైమింగ్ మార్చుకోండి చాలు. వర్కౌట్ అయ్యాక 3 నుంచి 6 గంటల మధ్య ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుకునే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అందుకే రన్ అవ్వగానే అరగంటలోపు గానీ, రన్ లేని రోజు పొద్దున్నే గానీ వేసుకోవడం మేలు, కాఫీ టీలకి దూరంగా. రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేసుకుంటే బాగా పడుతుందనీ, కడుపుకీ తేలికనీ అంటున్నారు, మీ డాక్టర్‌ని అడిగి మార్చుకోండి.

అన్నీ ఒకేసారి ఆపితే ఏది దొంగో తెలీదు కదా అంటారేమో. పెయిన్ కిల్లర్ వెంటనే, ఐరన్ తప్ప మిగతావి వారానికి ఒకటి చొప్పున ఆపండి.

స్టెప్ 4: ముందు రోజు భోజనం

మన భోజనంలో పప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఏదీ ఉండదు. మామూలు రోజుల్లో ఇవి పేగు బ్యాక్టీరియాకి మంచి మేత, మానకూడదు. కానీ లాంగ్ రన్‌కి ఒక రోజు ముందు, రేసుకి అయితే ఒకటి నుంచి మూడు రోజుల ముందు నుంచి తగ్గిస్తే పేగులో పులిసి గ్యాస్ చేసే సరుకు తగ్గుతుంది. తెల్లన్నం, పెరుగు పడితే పెరుగన్నం, బంగాళదుంప వేపుడు కాకుండా ఉడికించింది, గుడ్లు, బీరకాయ క్యారెట్ లాంటి తేలిక కూరలు, ఇడ్లీ. సాంబార్‌లో ముంచకుండా ఇడ్లీ ఎలా తినాలి అంటే కొంచెం పల్చటి కొబ్బరి చట్నీతో కానియ్యండి. ఆవకాయ, గోంగూర ఆ ఒక్క రోజూ ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి. శనివారం సాయంత్రం బిర్యానీ పార్టీకి వెళ్ళి ఆదివారం 25 కిలోమీటర్లు అంటే ఏ సప్లిమెంటూ కాపాడదు.

పొద్దున రన్‌కి రెండు గంటల ముందు లేచే ఓపిక ఉంటే రెండు మూడు ఇడ్లీలు లేదా జామ్ రాసిన బ్రెడ్, లేకపోతే ఒక అరటిపండు. పొంగల్ వద్దు, నెయ్యి వల్ల కడుపులోనే కూర్చుంటుంది.

స్టెప్ 5: కడుపుకి ట్రైనింగ్

దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా లెక్కలో మాత్రం ఏ క్యాప్సూల్ కంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. పేగు గోడలో గ్లూకోజ్‌ని లోపలికి తీసుకెళ్ళే ఒక దారి ఉంది, అది గంటకి సుమారు 60 గ్రాములకి నిండిపోతుంది. ఫ్రక్టోజ్‌కి వేరే దారి. రెండూ కలిపి ఇస్తే గంటకి 90 గ్రాముల దాకా తీసుకోగలదు. దారి నిండిపోయాక పోసిన చక్కెర పేగులోనే ఉండిపోయి నీటిని లాగుతుంది, అదే లూజ్ మోషన్. అయితే ఈ దారులు వాడే కొద్దీ పెరుగుతాయి, రోజూ కార్బ్స్ ఇస్తూ ట్రైన్ చేస్తే రెండు వారాల్లోనే బాధ తగ్గినట్టు అధ్యయనాల్లో తేలింది.

డ్రింక్ ఇంట్లోనే చేసుకోండి. ఇంట్లో పంచదార సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. మెడికల్ షాపులో దొరికే మామూలు గ్లూకోజ్ పౌడర్ దాదాపు మొత్తం గ్లూకోజే. కాబట్టి 40 గ్రాముల పంచదార, 20 గ్రాముల గ్లూకోజ్ పౌడర్ కలిపితే 40 గ్లూకోజ్, 20 ఫ్రక్టోజ్ వస్తుంది, ఖరీదైన ప్యాకెట్ల మీద గొప్పగా రాసుకునే 2:1 నిష్పత్తి ఇదే. దీన్ని 750 మి.లీ. నీళ్ళలో వేసి 1 గ్రాము ఉప్పు (టీస్పూన్‌లో ఆరో వంతు, సోడియం లెక్కలో దాదాపు 400 మి.గ్రా.), అర చెక్క నిమ్మరసం పిండండి. కిచెన్ స్కేల్ లేకుండా చెంచాలతో కొలిచి ఇష్టం వచ్చినట్టు వేస్తే చిక్కబడిపోతుంది, చిక్కటి డ్రింక్ కడుపులోంచి కిందికి దిగదు. కూలింగ్ కావాలంటే రాత్రి ఫ్రీజర్‌లో సగం బాటిల్ పెట్టి పొద్దున మిగతాది నింపండి, చల్లటి డ్రింక్ ఎండలో కడుపుకి కూడా హాయి.

మొదటి వారం లాంగ్ రన్‌లో గంటకి 30 గ్రాములు, అంటే ఆ బాటిల్‌లో సగం. ప్రతి 15 నిమిషాలకి నాలుగు గుక్కలు, గటగటా కాదు. బాధ 10లో 3 దాటకపోతే తర్వాత వారం 45, ఆపై 60. రెండున్నర గంటలు దాటి పరిగెత్తేవాళ్ళకే 90 అవసరం, హాఫ్ మారథాన్‌కి 60 దాటక్కర్లేదు. జెల్ వాడితే మామూలు నీళ్ళతో తీసుకోవాలి, ఈ డ్రింక్‌తో కలిపి తీసుకుంటే రెండూ కలిసి పేగులో పాకం అవుతాయి. కొబ్బరి బొండం మంచిదే కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, మన చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం, అందుకే అది రన్ తర్వాత.

ఓఆర్ఎస్ గురించి చిన్న హెచ్చరిక. అసలైన డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఉప్పు 2.6 గ్రాములు, అది నీళ్ళు ఒంటికి పట్టడానికి, రన్‌లో ఎనర్జీ కోసం కాదు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని తియ్యటి జ్యూస్ లాంటివి అమ్మిన డబ్బాలు కూడా ఉండేవి, హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడాక 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) అలా పేరు వాడకూడదని చెప్పింది. పాత స్టాక్ ఎక్కడైనా కనిపిస్తే లేబుల్ చదవండి.

స్టెప్ 6: ఇప్పుడు సప్లిమెంట్లు

పై ఐదూ నెల పాటు చేసి ఇంకా బాధ ఉంటే ఒకటి ఎంచుకోండి, ఒక్కటే.

ప్రోబయాటిక్స్ నా మొదటి ఓటు. మారథాన్ రన్నర్లకి లాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం కలిపిన క్యాప్సూల్ 28 రోజులు ఇచ్చిన అధ్యయనంలో ట్రైనింగ్‌లోనూ, రేసు చివరి భాగంలోనూ కడుపు బాధలు తగ్గాయి. కానీ ఏ రకం బ్యాక్టీరియా అన్నది ముఖ్యం, "ప్రోబయాటిక్" అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. లేబుల్ మీద బ్యాక్టీరియా పూర్తి పేరు, స్ట్రెయిన్ కోడ్ (అందులో ఏ ఉపరకమో చెప్పే అక్షరాలు, అంకెలు), ఎక్స్‌పైరీ నాటికి ఎన్ని బతికి ఉంటాయో (కనీసం 100 కోట్లు) ఉండాలి. రేసుకి నాలుగు వారాల ముందు మొదలుపెట్టాలి, రెండు రోజుల ముందు కాదు. మొదటి వారం గ్యాస్ పెరగొచ్చు. విరేచనాలకి మెడికల్ షాపులో ఇచ్చే చిన్న ప్లాస్టిక్ వయల్స్ వేరే పనికి, అవీ ఇవీ ఒకటే అనుకోకండి. చెన్నై మే నెల ఎండలో డెలివరీ బ్యాగులో నాలుగు గంటలు తిరిగిన క్యాప్సూల్‌లో ఏం బతికి ఉంటుందో ఆలోచించండి, దగ్గర్లో ఏసీ ఉన్న ఫార్మసీలో కొనడం నయం. మరి ఇంటి పెరుగు? తినండి, మంచిది, కానీ అందులో ఏ రకం ఎంత ఉందో కొలత లేదు కాబట్టి దాన్ని క్యాప్సూల్‌కి బదులు అనుకోలేం.

గ్లూటమిన్ (ఒక అమైనో ఆసిడ్ పొడి) విషయంలో షాపువాళ్ళు చెప్పేది సగమే. వేడి గదిలో ట్రెడ్‌మిల్ మీద చేసిన టెస్టుల్లో పేగు లీకేజీ తగ్గిన మాట నిజమే, కానీ అక్కడ ఇచ్చిన డోస్ కొవ్వు తీసేసిన బరువులో కిలోకి 0.25 నుంచి 0.9 గ్రాములు, రన్‌కి రెండు గంటల ముందు. అలాంటి బరువు 55 కిలోలు ఉంటే దాదాపు 14 నుంచి 50 గ్రాములు. డబ్బాలో ఇచ్చే స్కూప్ 5 గ్రాములు. పైగా లీకేజీ తగ్గడం వేరు, మీకు నొప్పి తగ్గడం వేరు, రెండోదానికి రుజువు పల్చగా ఉంది. నేనైతే డబ్బు పెట్టను.

కొలోస్ట్రమ్ అంటే మన జున్నుపాలే, ఎండబెట్టి పొడి చేసి బంగారం రేటుకి అమ్ముతున్నారు. రోజుకి 20 గ్రాములు 14 రోజులు ఇచ్చిన ఒక చిన్న అధ్యయనంలో పరుగు తర్వాత పేగు లీకేజీ పెరగడం బాగా తగ్గింది, తర్వాతి వాటిలో ఫలితాలు ఒకేలా రాలేదు. స్టేట్, నేషనల్ లెవెల్లో పోటీ పడేవాళ్ళు దీని జోలికి వెళ్ళకండి: అందులో ఐజీఎఫ్-1 అనే గ్రోత్ ఫ్యాక్టర్ సహజంగా ఉంటుంది, కొలోస్ట్రమ్‌ని నిషేధించకపోయినా దాన్ని తీసుకోవద్దని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (WADA) సలహా ఇస్తోంది. పసుపు క్యాప్సూల్స్ సంగతి, రుజువు చిన్నది, ఒంటికి ఎక్కువ పట్టేలా చేసిన హై అబ్సార్ప్షన్ రకాలతో లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి, కూరలో వేసుకునేది చాలు.

స్టెప్ 7: కొనేటప్పుడు

2024లో కేరళ డాక్టర్ల బృందం మన మార్కెట్లోని 36 ప్రొటీన్ పౌడర్లు టెస్ట్ చేస్తే 25 డబ్బాల్లో లేబుల్ మీద రాసిన ప్రొటీన్ లెక్క సరిగ్గా లేదు, కొన్నింట్లో ఫంగస్ విషాలు కూడా కనిపించాయి. కాబట్టి 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉందా, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ ఉన్నాయా చూడండి. "ప్రొప్రయటరీ బ్లెండ్" అని రాసి ఒక్కో పదార్థం ఎంతో చెప్పని డబ్బా వదిలెయ్యండి. పోటీల్లో ఉంటే ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ లాంటి టెస్టింగ్ ముద్ర ఉన్న బ్యాచ్ మాత్రమే కొనండి, కొన్న డబ్బా ఫోటో, బిల్లు దాచుకోండి. డోప్ టెస్టులో పట్టుబడితే జిమ్ కోచ్ ఇచ్చాడు అంటే నాడా (మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ) ఊరుకోదు, ఒంట్లో ఏం దొరికినా పూచీ మీదే.

స్టెప్ 8: రేసు రోజు, రేసు మధ్యలో

కొత్తది ఏదీ వద్దు. ఎక్స్‌పో స్టాల్‌లో ఫ్రీగా ఇచ్చిన జెల్ కూడా వద్దు.

మధ్యలో తిప్పడం మొదలైతే స్పీడ్ తగ్గించండి, అవసరమైతే ఐదు పది నిమిషాలు నడవండి, పేగులకి రక్తం తిరిగి అందుతుంది. తల మీద, మెడ మీద నీళ్ళు పోసుకోండి. జెల్స్ ఆపి మామూలు నీళ్ళు చిన్న గుక్కలు. వికారం వల్ల ఏదీ దిగకపోతే తియ్యటి డ్రింక్ నోట్లో పుక్కిలించి ఊసినా కొంచెం ఊపు వస్తుంది, నోట్లోని గ్రాహకాలు మెదడుకి సిగ్నల్ పంపుతాయి. తగ్గాక సగం డోస్‌తో మళ్ళీ మొదలుపెట్టండి. పోగొట్టుకున్న టైమ్ కవర్ చెయ్యాలని స్ప్రింట్ కొడితే మళ్ళీ మొదటికొస్తుంది.

రన్ అయ్యాక మలంలో రక్తం కనిపించినా, తారులా నల్లగా వచ్చినా (ఐరన్ మాత్ర వల్ల కూడా ముదురు రంగు వస్తుంది, అయినా ఒకసారి చూపించుకోండి), రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి ఉన్నా, ఏ కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, పరిగెత్తని రోజుల్లో కూడా లూజ్ మోషన్స్ వారాల తరబడి ఆగకపోయినా ఈ స్టెప్పులన్నీ పక్కన పెట్టి గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. స్టెప్ 2లో రాసుకున్న నోట్స్, వాడుతున్న డబ్బాల లేబుల్స్ ఫోటోలు వెంట తీసుకెళ్ళండి, డాక్టర్ మొదట అడిగేవి అవే.